తొక్కుడు కంబళి

నారిన్ కొండల్లో మే నెలొచ్చినా మంచు పూర్తిగా దిగదు.
ఆ ఏడు మా ఇంట్లో మాటా అంతే.

నానమ్మ ఫిబ్రవరిలో పోయింది, గొర్రెలు ఈనకముందే.
తాతా నేనూ ఒకే పళ్ళెంలో తింటూ
ఉప్పు చాలిందా అని మాత్రం అడుక్కునేవాళ్ళం.
బడిలో టీచరు మనసులో ఉన్నది రాయమంటే
తెల్లకాగితం తెల్లగానే ఇచ్చాను.
అది తాత చేతికొచ్చింది.
అటూ ఇటూ తిప్పి చూసి
మడిచి టోపీలో పెట్టుకున్నాడు.

మర్నాడు కొట్టుగదిలోంచి
నానమ్మ సగం ఏరి వదిలేసిన ఉన్ని బస్తా
ఈడ్చుకొచ్చి వాకిట్లో కుమ్మరించాడు.
ముందుగా వెళ్ళి గేటుకి గడియ పెట్టాడు,
ఆడవాళ్ళ పని కదా, ఊరు నవ్వుతుందని.
"నాకు రాదు, మేరిమ్. నువ్వు చూశావుగా. చెప్పు."

కర్రతో బాదాలి అన్నాను.
నాకో కర్ర, తనకో కర్ర.
మొదట మెల్లగా, పిల్లిని అదిలించినట్టు.
తర్వాత,
నన్ను లేపకుండా వెళ్ళిపోయినందుకొక దెబ్బ.
జడ సగమే నేర్పినందుకొకటి.
పెద్దవాళ్ళంతా "నిద్రపోతోంది" అని అబద్ధమాడినందుకు
లెక్క తప్పేదాకా.
దుమ్ము లేచింది, గడ్డి లేచింది, ఎండుపేడ లేచింది.
తాత గడ్డం నిండా తెల్ల పోగులు.
ఆయనా బాదుతున్నాడు పళ్ళు బిగించి.
ఎవరిననేది నేనడగలేదు.

జమ్ముచాప పరిచి, దాని మీద ఉన్ని పరిచి
రంగు ఉన్ని దగ్గర పెట్టుకున్నాం:
నలుపు, ఎరుపు, ఉల్లిపొట్టు పసుపు.
నానమ్మయితే పొట్టేలు కొమ్ములు వేసేది, ఎటు చూసినా జత కుదిరేలా.
నాకు కొమ్ములు రావు.
"దగ్గుకి ఏ రంగు, తాతా?"
చాలాసేపు ఆలోచించాడు, గుర్రం కొనేటప్పుడు ఆలోచించినట్టు.
"పసుపే. చివర్లో కొంచెం ఎరుపు."
చుక్కలు చుక్కలుగా రాత్రంతా వినబడ్డ దగ్గునంతా
ఒక మూలన పేర్చాను.
మధ్యలో ఖాళీ మంచం పెట్టాను. నల్లగా. నాలుగు కాళ్ళతో.

తాత ఒక్క నల్లపోగు తీసుకుని
వంకరగా, అంచుదాకా లాగాడు.
"ఇదేంటి?"
"పాలు."
నల్లటి పాలా అనబోయి ఆగాను.
ఆయన నాతో కాదు, ఉన్నితో చెబుతున్నాడు:
"పాలు పొంగిపోయాయని కసిరాను.
ఆ పొద్దున. అదే ఆఖరు.
ఊల్కన్ ఏమీ అనలేదు, పొయ్యి తుడుచుకుంది."

నేను ఆ గీత పక్కన పసుపుపోగు ఒకటి పెట్టాను.
ఎందుకో నాకూ తెలీదు.

సలసల కాగే నీళ్ళు చల్లి, చాప చుట్టి, తాడు కట్టి
ఇక తొక్కడం.
పలకని పిల్లకి కాళ్ళున్నాయి కదా, తన్నాను.
తాత బూట్లతో తన్నాడు.
చుట్ట దొర్లుతుంటే వెనకాలే ఊగుతూ నడిచాం,
మసకబడేదాకా, ఆవిరి కక్కుతున్న వాకిట్లో.
ఒకసారి ఆయన జారి కూలబడ్డాడు.
లేవలేదు. భుజాలు కదులుతున్నాయి.
నవ్వుతున్నాడనుకుని నవ్వాను;
నవ్వు కాదని తెలిసేసరికి
నేనూ ఆయన ఒళ్ళో ఉన్నాను,
ఇద్దరి మీదా తడి ఉన్ని వాసన.

విప్పి చూస్తే
దగ్గు చుక్కలు కలిసిపోయి పూలతోటలా ఉన్నాయి,
మేం వెయ్యని తోట.
మంచానికి మూడు కాళ్ళే మిగిలాయి.
పాలగీత పక్క పసుపు దానిలోకి పాకింది.
నడుమ పలచగా పరిచిన చోట, పిడికిలంత చిల్లు.

మూడోనాటికి పక్కింటి బాటిష్ పెద్దమ్మ వచ్చి
చూసి, నోరు నొక్కుకుని, సూదీ దారం తీసింది.
తాత కంబళిని మడిచి చంకలో పెట్టుకున్నాడు.
"ఉండనీ," అన్నాడు, ఉప్పు గురించి చెప్పినంత మామూలుగా.

దాన్ని నా పక్క కింద పరుచుకుంటాను.
జనవరిలో చలి ఆ చిల్లులోంచే వస్తుంది.
ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసు గనక
అక్కడ అరచెయ్యి ఆనించి పడుకుంటాను.